ఒక గడపకి ఎంత?

“ఏం బాబూ, చవితి ఇంకా మూడు నెలలుంది కదా! అప్పుడే చందాలకి బయల్దేరారా?”

రసీదు పుస్తకం పట్టుకుని కొట్టు మెట్లెక్కగానే షావుకారు గారి నోట వచ్చే మొదటి మాట ఇదే. మీరు నవ్వి, “చవితికి కాదండీ. ఇళ్లల్లో అగ్నిప్రమాదాలు జరక్కుండా గడప గడపకీ వెళ్లి చెబుదామనుకుంటున్నాం” అంటారు. ఆయన తల ఊపుతారు. “మంచి పనే” అంటారు. గల్లాపెట్టె మాత్రం తెరవరు. మరీ మొహమాటస్తులైతే ఓ వంద చేతిలో పెట్టి, మీరు మెట్లు దిగేలోపే ఆ సంగతి మర్చిపోతారు.

అదే మనిషి వినాయకుడికి ఐదు వేలు రాస్తారు. కాబట్టి పిసినారితనం కాదు. పోనీ భక్తే అందామా? అదొక్కటే కాదు. చవితికిచ్చిన డబ్బు ఆయన కళ్లకి కనిపిస్తుంది. పందిరి కనిపిస్తుంది, మైకులో తన పేరు వినిపిస్తుంది, ప్రసాదం ఇంటికొస్తుంది. మరి మీ పనో? మీరు ఎంత బాగా చేస్తే అంత ఏమీ జరగదు. ఏ ఇల్లూ అంటుకోదు, ఏ సైరనూ మోగదు. జరగని దానికి చందా ఎలా అడుగుతారు?

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మీరెవరైనా కావచ్చు. కాలనీ యువజన సంఘం కుర్రాళ్లు, రిటైరైన మాస్టారు, డ్వాక్రా సంఘం లీడరు, అపార్ట్‌మెంట్ కార్యదర్శి. ఎక్కడో ఒక ప్రమాదం మిమ్మల్ని కుదిపి ఉంటుంది. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో పిల్లలతో సహా 17 మంది పోయారు. ఆ వారం ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో “మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలి” అనుకున్నారో! పది రోజులు గడిచేసరికి ఆ మాట అడుగున పడిపోయింది. ఎందుకు ఆగిపోయారని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: “డబ్బుల్లేక.”

నేను ఆ జవాబు నమ్మను. డబ్బు లేక ఆగిన వాళ్లకంటే లెక్క లేక ఆగిన వాళ్లనే ఎక్కువ చూశాను. అందులో మొదటివాణ్ని నేనే. చాలా ఏళ్ల కిందట ఇలాంటి పనికే పద్నాలుగు పేజీల ప్రతిపాదన రాసుకుని ఒక కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లాను. అగ్ని ప్రమాదాల చరిత్ర, సమాజ బాధ్యత, మా ఆశయాలు, అన్నీ రాశాను. ఆయన మొదటి పేజీ కూడా తిప్పలేదు. “ఒక ఇంటికి ఎంతవుతుందండీ?” అన్నాడు. నేను “అదీ... ఇళ్లని బట్టి...” అని నీళ్లు నమిలాను. టీ ఇచ్చి పంపేశాడు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఆ పద్నాలుగు పేజీల్లో లేని ఒకే ఒక్క ముఖ్యమైన విషయం అడిగాడు.

సరే, మీరు ఆ తప్పు చెయ్యకుండా ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.

1. ముందు ఒక్క వీధి, మీ సొంత డబ్బుతో

చందా అడగడానికి ముందు ఇరవై ఇళ్లు తిరగండి. పది మంది తలా వంద వేసుకుంటే ఆ ఖర్చు గట్టెక్కుతుంది. “డబ్బు వచ్చాక మొదలుపెడదాం” అనేవాళ్లు మొదలుపెట్టగా నేను చూడలేదు.

ఆ ఇరవై ఇళ్లల్లో ఏం చెప్తారు? పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వంటింట్లో నిలబడి నాలుగైదు విషయాలు చూపిస్తే చాలు. గ్యాస్ పొయ్యికీ రెగ్యులేటరుకీ మధ్య ఉన్న పైపు ఎప్పటిది? నారింజ రంగు సురక్షా పైపునైనా ఐదేళ్లకోసారి మార్చాలి, చాలామందికి ఆ సంగతే తెలియదు. సిలిండరు మెడ పట్టీ మీద రాసిన అక్షరం, అంకె ఏమిటి? ఏ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జులై–సెప్టెంబరు, డి అంటే చివరి మూడు నెలలు. సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపు ఆ బండకి మళ్లీ పరీక్ష జరగాలి. వాసనొస్తే స్విచ్చి వెయ్యకూడదు, ఉన్న స్విచ్చి ఆపనూ కూడదు. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది కాబట్టి తలుపులు బార్లా తెరవాలి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి ఆపి మూత పెట్టాలి. కాలిన చోట పసుపూ, టూత్‌పేస్టూ కాదు, కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు.

ఇంటికి పావుగంట. ఇంతే మీ “కార్యక్రమం”.

కానీ మీరు ఆ వీధికి వెళ్లింది చెప్పడానికే కాదు, రాసుకోవడానికి కూడా. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకోండి. ఎన్ని ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి? ఎంతమంది వంటింటి దాకా రానిచ్చారు? ఎన్ని పైపులు గడువు దాటాయి? ఒక్కో ఇంటికి ఎన్ని నిమిషాలు పట్టింది? రేపు మీరు ఏ తలుపు తట్టినా ఈ నాలుగు అంకెలే మీ మూలధనం. “దేశంలో ఏటా ఇన్ని ప్రమాదాలు” అని చెబితే షావుకారు తల ఊపుతారు. “మీ వెనక వీధిలో ఇరవై ఇళ్లు చూశామండీ, ఏడింట్లో పైపు పగుళ్లిచ్చింది” అంటే? కుర్చీలో కాస్త ముందుకి జరుగుతారు.

2. గడప లెక్క వెయ్యండి

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. మీ పేటలో 300 ఇళ్లున్నాయనుకుందాం. ఇద్దరిద్దరు చొప్పున ఐదు జట్లు. ఆదివారం పొద్దున మూడు గంటలు తిరిగితే ఒక్కో జట్టు పన్నెండు ఇళ్లు చూడగలదు. అంటే వారానికి అరవై, ఐదు ఆదివారాల్లో పని పూర్తి. కింద వేసిన ధరలు లెక్క కోసమే, మీ ఊరి ధరలు కనుక్కుని మార్చుకోండి.

కరపత్రం, స్టిక్కరు ఇంటికి 12 రూపాయలు, మొత్తం 3,600. పది మందికి ఐదు ఆదివారాల టిఫిను, టీ తలా 60 చొప్పున 3,000. గుర్తింపు కార్డులు, టోపీలు 1,500. సర్వే ఫారాలు 900. రెండోసారి వెళ్లి చూసిరావడానికి పెట్రోలు 1,000. ఇక్కడికి పది వేలు.

ఇంకో పది వేలు దేనికి? పైపులకి. మూడింట ఒక ఇంట్లో పైపు మార్చాల్సి వస్తుందనుకుంటే వంద ఇళ్లు. అందులో సగం మంది చెప్పగానే సొంతంగా కొనుక్కుంటారు. మిగతా యాభై మందికి పైపు ఎంత ముఖ్యమో తెలిసినా ఆ నెల చేతిలో డబ్బుండదు. 200 చొప్పున పది వేలు.

మొత్తం 20,000. దాన్ని 300తో భాగించండి. ఒక గడపకి 67 రూపాయలు.

ఇదీ మీరు జేబులో పెట్టుకు తిరగాల్సిన అంకె. దాన్ని డెబ్బై అని గుండ్రం చెయ్యకండి. 67 అన్నప్పుడే అవతలివాళ్లకి ఎవరో కూర్చుని లెక్క వేశారని తెలుస్తుంది. పైగా అడగడం ఎంత తేలికవుతుందో చూడండి. “ఇరవై వేలు కావాలండీ” అంటే వినేవాడికి మొత్తం బరువు తన మీదే పడ్డట్టుంటుంది. “మీ పేరున ఓ ముప్ఫై గడపలు చూసుకోండి, 2,010 రూపాయలు” అంటే బేరమాడటానికి కూడా ఇరవై గడపలా, ముప్ఫై గడపలా అనే ఆడతాడు!

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పైపుల ఖర్చు కొట్టేసి, ఆ డబ్బుతో ఫ్లెక్సీలు వేయిస్తారు. ఫ్లెక్సీ మీద కార్పొరేటరు గారి బొమ్మ, పక్కన మీ బొమ్మ, మూలన ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో 101. దయచేసి ఆ పని చెయ్యకండి. పైపు పగిలిందని చెప్పి చేతులు దులుపుకుని వచ్చేస్తే ఆ ఇల్లాలికి మీరిచ్చింది భయం మాత్రమే. అమెరికాలో రెడ్‌క్రాస్ కార్యకర్తలు 2014 నుంచి ఇంటింటికీ తిరుగుతూ ఉచితంగా పొగ అలారాలు బిగిస్తున్నారు. చెప్పడం, బిగించడం ఒకే రాకపోకలో అయిపోతాయి. మన వంటింట్లో అదే అలారం పెడితే పోపు వేసిన ప్రతిసారీ కుయ్యోమంటుందనుకోండి, అది వేరే సంగతి. మనకి ఆ అలారం స్థానంలో ఉన్నది పైపే.

3. డబ్బు కంటే ముందు డబ్బు కానివి అడగండి

ఇరవై వేల లెక్కలో నిజంగా నగదు కావాల్సింది ఎంత? ఒక్కో పద్దు దగ్గర ఆగి, “ఇది ఎవరి దగ్గర ఊరికే ఉంది?” అని అడుగుతూ రండి.

మీ ఊరి ఫైర్ స్టేషనుకి వెళ్లండి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వాళ్లు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకార్థం ఆ తేదీ వచ్చింది. వారోత్సవాలకి కరపత్రాలు అచ్చవుతాయి, మంటలార్పే ప్రదర్శనలూ ఉంటాయి. మీరు ఫిబ్రవరిలోనే వెళ్లి స్టేషన్ ఫైర్ ఆఫీసరుకి ఒక ఉత్తరం ఇచ్చి, “కరపత్రాలు మాకో మూడు వందలు, మా వాళ్లు పది మందికి ఒక పూట శిక్షణ” అని అడిగితే ఎక్కువసార్లు కాదనరు. ఏప్రిల్ నెలాఖరులో వెళ్తే? పాపం వాళ్లు పూరిళ్లూ, గడ్డివాములూ ఆర్పుతూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటారు. మీ ఉత్తరం బల్ల మీదే ఉండిపోతుంది.

తర్వాత గ్యాస్ ఏజెన్సీ. ఇళ్లల్లో పైపూ, పొయ్యీ ఐదేళ్లకోసారి తనిఖీ చేయించే బాధ్యత వాళ్లదే. మీరు తిరిగే ఆదివారం ఒక మెకానిక్‌ని పంపితే వాళ్ల పనీ నడుస్తుంది, మీ మాటకీ బరువొస్తుంది. పైపులు మీ చేతికి రాకుండా అక్కణ్నుంచే నేరుగా బిగించేలా మాట్లాడుకుంటే ఇంకా మేలు. నాసిరకం పైపు అంటగట్టారన్న మాట మీ మీదకి రాదు.

అపార్ట్‌మెంట్లున్న పేటైతే ఇంకో చిట్కా. మెట్ల దగ్గర వేలాడే ఎర్ర సిలిండర్లని గడువు రాగానే రీఫిల్‌కి పంపిస్తారు కదా? పంపేముందు రోజు వాటితోనే కింద పార్కింగులో మంట వేసి ఆర్పడం ప్రాక్టీసు చేయించండి. ఎలాగూ పారబోసే పొడి అది. కొత్త సిలిండరు కొని చూపించాలంటే అయ్యే ఖర్చు ఉత్తపుణ్యానికి మిగిలిపోతుంది. అన్నేళ్లుగా దాని పక్కనుంచే నడిచిన వాళ్లలో ఎంతమందికి పిన్ను లాగాలని తెలుసో అప్పుడు చూడండి, నవ్వొస్తుంది. ఆ వెంటనే భయమూ వేస్తుంది.

టిఫిన్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఏ వీధిలో తిరిగితే ఆ వీధిలో ఒకరింట్లో ఉప్మా.

4. గడప దగ్గర పైసా ముట్టొద్దు

ఇది చిట్కా కాదు, షరతు.

గ్యాస్ కంపెనీ పేరు చెప్పుకుని ఇళ్లలోకి దూరి, “ఈ పరికరం బిగించుకోవడం తప్పనిసరి” అని డబ్బు గుంజే ముఠాలు మన ఊళ్లల్లో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే మీరు బెల్లు కొట్టగానే లోపలినుంచి వచ్చే ప్రశ్న “ఏం అమ్ముతున్నారు?” అనే. జట్టులో ఒక ఆడమనిషి తప్పనిసరిగా ఉండాలి. ఇద్దరు మగాళ్లు తలుపు తట్టి “మీ వంటిల్లు చూస్తామండీ” అంటే మీరైతే రానిస్తారా? అదే వీధికి చెందిన డ్వాక్రా అక్క ముందు నడిస్తే సగం పని అయిపోయినట్టే.

“పిన్నిగారూ, మేం ఏమీ అమ్మడం లేదు. చందా కూడా అడగం. ఓసారి పైపు చూసి వెళ్తాం.”

ఈ మూడు వాక్యాలు అలవాటు చేసుకోండి. చూసిన తర్వాత ఆవిడే సంతోషించి ఇరవై రూపాయలివ్వబోతే? తీసుకోకండి. “ఇవ్వాలనిపిస్తే గుడి దగ్గర పెట్టిన హుండీలో వెయ్యండి పిన్నిగారూ” అనండి. ఒక ఇంట్లో పుచ్చుకున్న ఇరవై రూపాయలు తర్వాతి పది తలుపులు మూసేస్తాయి. డబ్బు సేకరణ వేరు, గడప తొక్కడం వేరు. వీలైతే ఆ రెండు పనులూ ఒకే మనుషులు చెయ్యకూడదు కూడా.

5. ఎవర్ని, ఎప్పుడు అడగాలి?

అడగడానికి వేళ ఉంటుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ప్రమాదం జరిగిన మర్నాడే ఆ వీధిలో రసీదు పుస్తకం తీస్తే మీ పరిస్థితి అదే. ఆ వారం సాయం చెయ్యండి, చందా తర్వాత.

కొట్టువాళ్లని నెల మొదటి వారంలో కలవండి, సాయంత్రం బేరాల వేళ కాదు. వాళ్లకి ఏం చూపించాలి? స్టిక్కరు. వంటింటి తలుపు వెనక అతికించే ఆ స్టిక్కరు మీద పెద్ద అక్షరాల్లో 101, 112, 1906. కింద రెండు ఖాళీలు: పైపు మార్చిన తేదీ, మళ్లీ మార్చాల్సిన తేదీ. అట్టడుగున చిన్నగా “ఈ గడప ఖర్చు భరించినవారు” అని కొట్టు పేరు. షావుకారుకి చెప్పాల్సిన మాట ఇదే: “మీరు ఏటా క్యాలెండర్లు పంచుతారు కదండీ, డిసెంబరు దాటితే చించేస్తారు. ఇది ఐదేళ్లు ఉంటుంది.” చవితి పందిట్లో మైకు చేసే పని ఇక్కడ స్టిక్కరు చేస్తుంది. కనిపించనిది కనిపించేది అలాగే.

చవితి అంటే గుర్తొచ్చింది. నిమజ్జనమైన వారానికి ఉత్సవ కమిటీ లెక్కలు చూసుకుంటుంది. మిగులు ఉంటే దాన్ని ఏం చెయ్యాలో తెలియక కొట్టుకు చస్తారు. ఆ వారమే మీరు వాళ్లకి కనిపించాలి, దీపావళి దగ్గరపడుతోందని గుర్తు చేస్తూ.

రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో కొత్త అధ్యక్షుడి ఏడాది జులై 1న మొదలవుతుంది. జూన్‌లో పాతాయన సర్దుకుంటుంటాడు, మార్చిలో డబ్బు అయిపోయి ఉంటుంది. జులైలో కొత్తాయన ఉత్సాహంగా, “ఏం చేద్దాం?” అని చూస్తుంటాడు. అప్పుడు వెళ్లండి.

ఇక కంపెనీల సీఎస్సార్ నిధులు. ఇక్కడ చాలామంది ఆశపడి కాళ్లరిగేలా తిరుగుతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. వినడానికి బంగారు బాతులా ఉంది కదూ? కానీ ఆ డబ్బు మీ యువజన సంఘం చేతికి నేరుగా రాదు. తీసుకునే సంస్థకి ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లుండాలి, కేంద్రం దగ్గర సీఎస్సార్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి, ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. మొన్న పుట్టిన సంఘానికి ఇవెక్కడివి?

మరి దారే లేదా? ఉంది. ఆ కాగితాలన్నీ ఉన్న పాత స్వచ్ఛంద సంస్థ మీ జిల్లాలో ఏదో ఒకటి ఉంటుంది. దానికి కాగితాలున్నాయి, మీకు కాళ్లున్నాయి. కలిసి వెళ్లండి. కంపెనీ వాళ్లు ఏడాది ప్రణాళికని ముందే బోర్డుతో ఆమోదింపజేసుకోవాలి కాబట్టి, ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం కోసం జనవరిలోనే అడగాలి. మీ ఊరి బ్రాంచి మేనేజరుకి ఇందులో సంతకం పెట్టే అధికారం ఉండదు. ఆయన్ని నిధులడిగి ఇబ్బంది పెట్టకండి. హెడ్డాఫీసులో ఎవరికి రాయాలో మాత్రం అడగండి.

ఎంపీ గారి నిధులా? ఆ పథకం శాశ్వతమైన ఆస్తుల కోసం. బోరు, భవనం, రోడ్డు లాంటివి. పైపులకీ కరపత్రాలకీ రాదు. ఆ కాగితం పట్టుకుని తిరిగే నెల రోజుల్లో మీరు రెండు వీధులు చూసెయ్యొచ్చు.

6. అమెరికా బావగారి డబ్బు

మన ఊళ్లల్లో ఏ మంచి పని తలపెట్టినా మొదట గుర్తొచ్చేది అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న బావగారు. ఆయన కూడా మంచివాడే, “ఎంత కావాలో చెప్పు బావా, రేపే పంపిస్తా” అంటాడు. ఆగండి. ముందు ఒక ప్రశ్న అడగండి: “బావా, నీది ఇప్పుడు ఏ పాస్‌పోర్టు?”

ఇదేం ప్రశ్న అనుకోకండి. ఆయన ఇంకా భారతీయ పౌరుడే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. కానీ అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా తీసుకుంటే మీరు నేరం చేసినట్టే. ఆ అనుమతి ఉన్న సంస్థలు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే ఆ డబ్బు పుచ్చుకోవాలి. వాళ్లమ్మ గారి ఖాతాలో వేయించి ఇటు తిప్పుకుందామన్న తెలివితేటలు అసలే వద్దు.

అలాగని బావగారి ఉత్సాహం మీద నీళ్లు పోయకండి. ఆ చట్టం కింద రిజిస్టరైన సంస్థ ఏదైనా ఈ పని చేస్తుంటే దానికి పంపమనండి. లేదా ఆయన టైమునే అడగండి. స్టిక్కరు డిజైను, సర్వే లెక్కల పట్టిక, వీధి మ్యాపు, ఇవి ఆయన అక్కడ కూర్చుని చేసిపెట్టగలడు.

7. ఖాతా ఎవరి పేరున?

“ప్రస్తుతానికి నా ఫోన్‌పేకి వేసెయ్యండి, తర్వాత చూసుకుందాం.” ఎన్ని స్నేహాలు ఈ వాక్యంతో చెడిపోయాయో! వేసినవాడు లెక్క అడగడు, మనసులో పెట్టుకుంటాడు. పుచ్చుకున్నవాడు జేబులోంచి ఇంకో రెండు వేలు పెట్టుకుని కూడా దొంగ అనిపించుకుంటాడు.

ఈ పని ఒక్క ఏడాదికే అనుకుంటే, ఇప్పటికే రిజిస్టరైన కాలనీ సంఘం ఖాతాలో వేరే పద్దు తెరిపించండి. కొనసాగించాలనుంటే ఏడుగురు కలిసి సొసైటీగా రిజిస్టరు చేసుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టమే ఆధారం, ఏడుగురు సభ్యులు చాలు. ఖాతాకి ఇద్దరి సంతకాలు. వంద రూపాయలకైనా రసీదు. ఆదివారం రాత్రి ఆ వారం ఖర్చు గుడి బోర్డు మీదా, వాట్సాప్ గ్రూపులోనూ. “ఉప్మా రవ్వ 140” అని కూడా రాయండి. నవ్వుకుంటారు, నమ్ముతారు.

ఎవరైనా “80జీ రసీదు ఇస్తారా?” అని అడిగితే, ఆ రిజిస్ట్రేషను లేకపోతే లేదనే చెప్పండి. ఉన్న సంస్థ ద్వారా పుచ్చుకుంటుంటే, నగదు 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పి బ్యాంకు ద్వారా ఇవ్వమనండి. మీరు దాచారని ఆడిటరు దగ్గర తెలిస్తే ఆ దాత మళ్లీ దొరకడు.

8. గోనెసంచి

మొదట్లో అనుకున్న చిక్కు ఇంకా తేలలేదు. జరగని ప్రమాదాన్ని ఎలా చూపిస్తారు?

మార్చిన ప్రతి పాత పైపునీ పారెయ్యకుండా తెచ్చుకోండి. మళ్లీ ఎవరూ వాడకుండా మధ్యకి కోసి, తెల్ల టేపు చుట్టి వీధి పేరూ, తేదీ రాయండి. ఇంటి పేరు వద్దు, నలుగురిలో వాళ్లని చిన్నబుచ్చినట్టవుతుంది. ఐదు ఆదివారాలయ్యేసరికి ఓ గోనెసంచి నిండుతుంది. ఎండకి బీటలువారినవి, ఎలుక కొరికినవి, రెగ్యులేటరు దగ్గర గుడ్డ పీలికతో కట్టినవి, బోరు మోటారుకి వాడే నీళ్ల పైపునే గ్యాసుకి తగిలించినవి కూడా దొరుకుతాయి. నివేదికలో ఎన్ని పేజీలు రాసినా రానిది ఆ సంచిలో ఉంటుంది.

రెండో విడతకి చందా అడగడానికి వెళ్లేటప్పుడు ప్రతిపాదన కాగితం ఒక్కటే, పేజీకి ఒకవైపు: ఎన్ని గడపలు తొక్కారు, ఎన్ని పైపులు మారాయి, గడపకి 67 అనుకుంటే చివరికి ఎంత తేలింది, మిగిలింది ఎంత. ఎక్కువైతే ఎక్కువైందనే రాయండి. దాంతోపాటు సంచిలోంచి ఓ నాలుగు పైపు ముక్కలు.

షావుకారు గారి దగ్గరికే మళ్లీ వెళ్లండి. ఈసారి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టకండి. పైపు ముక్క బల్ల మీద పెట్టి, “మీ డబ్బుతో మార్చిందండీ, మీ వెనక వీధిలోదే” అని ఊరుకోండి. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుంటారు. వంచి చూస్తారు. పగుళ్లు నోరు తెరుస్తాయి. చందా సంగతి మీరు ఇంకా ఎత్తనేలేదు, అప్పటికే ఫోను తీసి ఇంటికి చేస్తున్నారు: “ఇదిగో, పొయ్యి కింద పైపు మీద ఏదైనా సంవత్సరం రాసుందేమో చూడు... కాదు, ఇప్పుడే చూడు. నేను లైన్లోనే ఉంటాను.”